సీట్లు పెరిగాయి, మరి పాఠం?



ర్యాంకుల కాగితాలు చేతికొచ్చే ఈ రోజుల్లో మన ఇళ్లలో పొద్దున లేస్తే ఒకటే చర్చ. ఫలానా విశ్వవిద్యాలయం చాలా పెద్దది, ఏటా కొత్త బ్రాంచీలు పెడుతున్నారు, కొత్త బ్లాకులు లేస్తున్నాయి, అంత పెరుగుతోందంటే మంచిదే అయ్యుంటుందని నాన్న అంటాడు. అంతమందిలో మన పిల్లను పట్టించుకునేదెవరండీ అని అమ్మ అంటుంది. ఇద్దరూ పిల్ల మేలు కోరే మాట్లాడతారు. ఆ పిల్లేమో ఫోన్‌లో కటాఫ్‌లు చూసుకుంటూ ఉంటుంది. ఒక పెద్ద విశ్వవిద్యాలయం వేగంగా పెరిగితే అక్కడి చదువు నాణ్యత ఏమవుతుంది? ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి బతికినవాణ్ని కాబట్టి నేను దగ్గరగా చూసిన ఇంజనీరింగ్ చదువునే తీసుకుని మాట్లాడతాను.

1972లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అందరం జేఎన్‌టీయూ అంటాం. అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలు దానికి పునాది. అప్పట్లో అది తన సొంత కాలేజీలలో తానే పాఠాలు చెప్పుకునే విశ్వవిద్యాలయం. ప్రైవేటు కాలేజీలకు అనుబంధం ఇవ్వడం తర్వాత మొదలైంది. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీతో రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగ్ విద్యకు తలుపు తెరుచుకుంది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అన్న మాటలు మన వాడుకలోకి ఆ తీర్పుతోనే వచ్చాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఆ వెనకే 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు. మండల కేంద్రం దాటి పొలాల మధ్య ఆగిన బస్సులోంచి చూసినా కాలేజీ బోర్డు కనిపించే రోజులు వచ్చాయి. కొద్ది ఏళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఆరేడు వందలకు చేరాయి. అందులో చాలా పెద్ద వాటా ఒక్క జేఎన్‌టీయూదే. పెరుగుతూ వచ్చిన ఆ బరువు ఒక్కచోట మోయలేక 2008లోనే దాన్ని హైదరాబాద్, కాకినాడ, అనంతపురం విశ్వవిద్యాలయాలుగా, వాస్తుశిల్పానికీ లలితకళలకూ మరొకటిగా నాలుగు ముక్కలు చేయాల్సి వచ్చింది.

ఈ పెరుగుదలను నిందించడం తేలిక. నాకు మాత్రం అలా చేయడానికి మనసొప్పదు. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎలక్ట్రికల్ తరగతిలో అమ్మాయిలు ఒక్క బెంచీకి సరిపోయేవారు. తర్వాత తర్వాత సగం తరగతి వాళ్లే అయ్యారు. ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లు లేని పిల్లలు, తల్లి కుట్టుమిషన్ మీదో, తండ్రి కౌలు చేను మీదో బతికే ఇళ్ల పిల్లలు నా ముందు కూర్చున్నారు. సీట్లు పాతకాలంలోలాగే ఉండిపోయి ఉంటే వాళ్లలో చాలామందికి ఇంజనీరింగ్ కాలేజీ గేటు లోపలి వైపు ఎలా ఉంటుందో తెలిసేది కాదు. చదువు కొద్దిమందికే ఉన్నప్పుడు గొప్పగా ఉండేది అనేవాళ్లు, ఆ కొద్దిమందిలో తాము ఉన్నారు కాబట్టే అలా అనగలుగుతున్నారు. విశ్వవిద్యాలయాలు పెరగాలి. నా అభ్యంతరమంతా ఆ పెరుగుదలలో దేన్ని ముందు పెట్టాం, దేన్ని వెనక్కి నెట్టాం అన్నదాని మీదే.

సీటు ఒక ఉత్తర్వుతో వస్తుంది. భవనం పద్దెనిమిది నెలల్లో లేస్తుంది. కంప్యూటర్లు లారీలో దిగుతాయి. ఒక అధ్యాపకుడు తయారు కావడానికి ఎంతకాలం పడుతుంది? బీటెక్ నాలుగేళ్లు, ఎంటెక్ రెండేళ్లు, పీహెచ్‌డీ నాలుగైదేళ్లు. అదయ్యాక కూడా మొదటి రెండు మూడేళ్లు పాఠం చెప్పడం నేర్చుకోవడంలోనే గడుస్తాయి. ఎక్కడ పిల్లల కళ్లలో వెలుగు పోతుందో, ఏ డెరివేషన్ దగ్గర ఆగి మళ్లీ మొదలుపెట్టాలో పుస్తకం చెప్పదు. అంటే సీటుకు ఏడాదిన్నర, మాస్టారుకు పన్నెండేళ్లకు తక్కువ కాదు. మనం చేసింది నారు పోయకుండా నాట్లకు దిగడం. సీట్లు ఉరుకులు పెట్టిన ఆ కాలంలో కొత్త కాలేజీలకు వేలమంది అధ్యాపకులు ఒక్కసారిగా కావాల్సి వచ్చారు. ఎక్కడి నుంచి వస్తారు? నిన్న పాసై ఇంకా ఉద్యోగం దొరకని పిల్లవాడే ఇవాళ జూనియర్లకు పాఠం చెప్పాడు. ఉద్యోగం రాగానే సెమిస్టర్ మధ్యలో వెళ్లిపోయాడు. అతణ్ని తప్పుపట్టలేం. జీతం చాలదు, అదీ నెలనెలా సరిగ్గా అందదు. అతని దగ్గర చదివిన పిల్లలు మరో రెండేళ్లకు మళ్లీ అలాగే అధ్యాపకులయ్యారు. అరకొరగా నేర్చుకున్నది ఒక బ్యాచి నుంచి మరో బ్యాచికి అలా దిగుతూ వచ్చింది.

నాణ్యత తగ్గడమంటే సరిగ్గా ఏమిటో నాకు మెషీన్స్ ల్యాబ్‌లో కళ్లకు కట్టింది. డీసీ షంట్ మోటారు మీద ఒక ప్రయోగం తీసుకుందాం. ముందు నేమ్ ప్లేటు చదవాలి. మీటర్ల రేంజి చూసుకోవాలి. కనెక్షన్లు ఇచ్చి, ఫీల్డు రియోస్టాట్ కనిష్ఠంలో ఉందో లేదో సరిచూసుకుని, స్టార్టర్ హ్యాండిల్‌ను మెల్లగా జరపాలి. రియోస్టాట్‌ను పొరపాటున గరిష్ఠంలో పెట్టిన పిల్లవాడికి మోటారు శబ్దంలోనే తేడా తెలుస్తుంది. వేగం ఉండాల్సినదాన్ని దాటి పెరుగుతూ పోతుంటే గుండె ఝల్లుమని చెయ్యి స్విచ్చి మీదికి వెళుతుంది. ఫ్లక్సు తగ్గితే వేగం పెరుగుతుందన్న సూత్రాన్ని ఆ శబ్దం విన్నవాడు జన్మలో మరిచిపోడు. ఒక బల్ల దగ్గర ముగ్గురో నలుగురో ఉన్నంతకాలం ప్రతివాడూ సెమిస్టర్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఆ హ్యాండిల్ పట్టుకున్నాడు. సెక్షన్లు పెరిగాయి, మోటార్లు అన్నే ఉండిపోయాయి. బల్ల చుట్టూ పదిమంది, పన్నెండుమంది చేరారు. ఒకరు హ్యాండిల్ జరుపుతారు, ఒకరు టాకోమీటరు పెడతారు, ఒకరు రీడింగులు రాస్తారు, మిగిలినవాళ్లు ఆ రీడింగులు దించుకుంటారు. ఇంకొన్నాళ్లకు అదీ పోయింది. సీనియర్ల రికార్డు ఉంటే చాలు. గ్రాఫులు మాత్రం ఎప్పుడూ లేనంత నునుపుగా, ఒక్క బిందువు కూడా పక్కకు జరగకుండా వచ్చేవి. నిజంగా చేసిన ప్రయోగంలో అలా రావు. వైవాలో ఈ బిందువు ఇక్కడెందుకుందమ్మా అని అడిగితే సమాధానం ఉండదు. రికార్డుకు మార్కులు పడతాయి, ల్యాబ్ పాసవుతారు. కాగితం మీద ఏ లోటూ కనిపించదు. ఆ లోటు బయటపడేది ఆ పిల్ల ఏ సబ్‌స్టేషన్‌లోనో డ్యూటీ ఎక్కిన నాడు.

ఇక పరీక్ష సంగతి. నా దృష్టిలో చదువు మీద పరిమాణం చూపే అసలు ప్రభావం ఇక్కడే ఉంది, దీని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. మన దేశంలో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. పాఠం కాలేజీలది, పరీక్షా పట్టా విశ్వవిద్యాలయానివి. ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. పాతిక కాలేజీలు ఉన్నప్పుడు అది సాగుతుంది. వందల కాలేజీలకు ఒకే ప్రశ్నపత్రం వెళ్లేటప్పుడు ఆ పత్రం తయారు చేసేవారికి ఒక భయం ఉంటుంది. ఏ కాలేజీలో ఏ పాఠం చెప్పారో తెలియదు, ప్రశ్న కొత్తగా ఉంటే వేలమంది తప్పుతారు, సిలబస్‌లో లేనిది ఇచ్చారని గొడవ అవుతుంది. కాబట్టి ఏ మూల కాలేజీ పిల్లవాడైనా చూసి ఉండే ప్రశ్నే పత్రంలోకి వస్తుంది. ఒకప్పుడు జేఎన్‌టీయూలో ఎనభై మార్కుల పేపరుకు ఎనిమిది ప్రశ్నలు ఇచ్చి ఏవైనా అయిదు రాయమనేవారు. ఎనిమిది యూనిట్లలో మూడింటిని పుస్తకం తెరవకుండా వదిలేసినా ఇబ్బంది లేదు. తర్వాత ఆ పద్ధతి మార్చారు. ప్రతి యూనిట్ నుంచీ ఒక ప్రశ్న రాయాలి, అందులో ఇదో అదో అన్న ఎంపిక ఉంటుంది. ఇది మెరుగే. అయినా ప్రశ్నల తీరు పాతదే. పాత పేపర్లు, ఆల్ ఇన్ వన్ పుస్తకం, పరీక్షకు ముందు నాలుగు రాత్రులు. చాలామందికి సెమిస్టర్ అంటే ఇంతే అయింది. ఈ సెమిస్టర్ పరీక్షలో పాఠం చెప్పే మాస్టారు ప్రశ్న ఇవ్వడు, జవాబు దిద్దడు. ప్రశ్న ఇచ్చేవారికీ, జవాబు దిద్దేవారికీ ఆ విద్యార్థి ఎవరో తెలియదు.

స్పాట్ వాల్యుయేషన్ హాలు ఎప్పుడూ చూడని శ్రోతల కోసం చెబుతాను. పొడవాటి గది, వరుసగా బల్లలు, ఒక్కో బల్ల మీద తాడు కట్టిన జవాబు పత్రాల కట్ట, పక్కన స్కీమ్ కాగితం. హాల్‌టికెట్ నంబరు ఉన్న భాగం తీసేసి కోడు వేసి ఉంటుంది. పూటకు ఇన్ని దిద్దాలని లెక్క, పత్రానికి కొద్ది నిమిషాలే. ఒకసారి ఒక పత్రంలో విద్యార్థి పుస్తకంలో లేని దారి పట్టి, శక్తి నిత్యత్వ సూత్రం నుంచి మొదలుపెట్టి, సగం మెట్లలో దాదాపు జవాబు దగ్గరకు వచ్చేశారు. చివరి మెట్టులో ఒక్క మైనస్ గుర్తు తప్పింది. సొంతంగా ఆలోచించే బుర్ర అది. ఆ మైనస్ ఎక్కడ జారిందో చూపించి, నీ దారి బాగుంది, ఈ ఒక్కచోట ఆగి చూసుకో అని చెప్పగలిగితే ఆ పూట ఆ పిల్లకో, పిల్లవాడికో సెమిస్టరంతటి విలువైన పాఠం అయ్యేది. చెప్పే వీల్లేదు. మార్కులు వేసి కట్టలో పెట్టేయాలి. డబ్బు కట్టి నకలు తెప్పించుకునే కొద్దిమందివి తప్ప ఆ పత్రాలు మళ్లీ విద్యార్థి కంటపడవు, పాఠం చెప్పిన టీచరు కంట అసలే పడవు. మన పిల్లలు తమ తప్పు ఏమిటో తెలియకుండానే పాసవుతారు, తెలియకుండానే తప్పుతారు. తప్పినవాళ్లు మళ్లీ సప్లీ కడతారు. ఎన్ని సీట్లు పెంచినా, తప్పును విద్యార్థికి చూపించడం అన్న ఈ ఒక్కటి సరిచేసుకోగలిగితే చదువు నిలబడేదని నా నమ్మకం.

చదువులో పడిన గండిని మార్కెట్టు వెంటనే పసిగట్టింది. అమీర్‌పేట అలాగే పెరిగింది. మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్ బోర్డులు, మెట్ల మీద నిలబడి కరపత్రాలు పంచే కుర్రాళ్లు, ఒక్కో గదిలో కిక్కిరిసిన పిల్లలు. నాలుగేళ్ల బీటెక్ చేతికొచ్చాక మూడు నెలల కోర్సుకు మళ్లీ డబ్బు కట్టి, హాస్టల్లో ఉండి, మొదటి నుంచి నేర్చుకున్నారు. ప్రాజెక్టులు కూడా అక్కడే కొనుక్కునే అలవాటు పాకింది. అమీర్‌పేట చెప్పింది మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లను. ఆ గదులు నిండాయంటే తరగతి గదుల్లో జరగాల్సింది జరగలేదని అర్థం. ఆ ఖర్చు మోసింది ఎవరు? ఫీజు రీయింబర్స్‌మెంటుతో చదువుకున్న ఆ కౌలురైతు కుటుంబమే.

పెద్దదైతే చదువు పాడు కావడం ఖాయమా? కాదు. అందుకు సాక్ష్యం మన హైదరాబాద్‌లోనే ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. ఈ దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. ఆచార్య జి. రామిరెడ్డి దాని తొలి ఉపకులపతి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని పెట్టినప్పుడు దానికీ తొలి ఉపకులపతి ఆయనే. ఆ సంస్థకు మొదటిరోజు నుంచీ తెలుసు, తన విద్యార్థులు వేలల్లో ఉంటారని, పగలు పనిచేసి రాత్రి చదువుకుంటారని, టీచరు ఎదురుగా ఉండడని. అందుకే చదువంతా ఆ లెక్కతోనే అమర్చుకుంది. పాఠాన్ని ఒక్కరు రాసి వదిలేయలేదు. ఒకరు రాస్తే ఇంకొకరు సరిచూసి, భాష దిద్ది, పాఠంలోనే విద్యార్థి తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు పెట్టారు. ఊరూరా అధ్యయన కేంద్రాలు, ఆదివారం తరగతులు. ఆకాశవాణి ద్వారా పాఠాలు వచ్చేవి, ఆ రోజుల్లో రేడియో పక్కన నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవారిలోనూ ఉండే ఉంటారు. ఆ సంస్థకు లోటుపాట్లు లేవనను. ప్రయోగశాల చదువు దూరం నుంచి కుదరదు. అయినా ఎంతమంది వస్తారో ముందే ఊహించి, దానికి తగ్గట్టు బోధనను అమర్చుకుంటే పెద్దదనం భారం కానక్కర్లేదని ఆ అనుభవం చూపించింది.

ఇంకో సాక్ష్యం కావాలంటే అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లిన మన పిల్లలను అడగండి. అక్కడి పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం పాఠానికి ఒక్కో హాల్లో మూడొందల మంది కూర్చుంటారు. వారంలో మరో రోజు అదే పాఠం మీద పాతికమందికో ముప్ఫైమందికో ఒక చిన్న తరగతి ఉంటుంది, హోంవర్క్ దిద్ది తప్పు ఎక్కడుందో రాసి తిరిగిస్తారు. ఆ దిద్దేవాళ్లలో, ఆ చిన్న తరగతి నడిపేవాళ్లలో మన తెలుగు పిల్లలు బోలెడంతమంది. అక్కడ చేయగలిగిన పని ఇక్కడ వాళ్లకు ఎవరూ చేసిపెట్టలేదు. అది తలచుకుంటే నాకు బాధేస్తుంది.

మన దగ్గర ఈ లోటును ఎవరూ గుర్తించలేదని కాదు. 2014లో హైదరాబాద్ జేఎన్‌టీయూ తనిఖీలు చేసి, అధ్యాపకులూ ప్రయోగశాలలూ సరిగ్గా లేవని పెద్ద సంఖ్యలో కాలేజీలకు అనుబంధం నిరాకరించింది. కాలేజీలు కోర్టులకు వెళ్లాయి. జాబితాలో ఉన్న మాస్టారు నిజంగా కాలేజీకి వస్తున్నాడా లేదా తెలుసుకోవడానికి బయోమెట్రిక్ హాజరు పెట్టాల్సి వచ్చింది. టీచరు ఉన్నాడో లేడో వేలిముద్రతో తేల్చుకోవాల్సిన స్థితికి వచ్చామంటే, ఆ టీచరు ఎలా చెబుతున్నాడన్న ప్రశ్న ఇంకెంత వెనకబడిపోయిందో ఆలోచించండి.

ఇప్పుడు రెండో వరద వచ్చింది. అప్పుడు కాలేజీల సంఖ్య పెరిగింది, ఇప్పుడు ఒక్కో కాలేజీ, ఒక్కో ప్రైవేటు విశ్వవిద్యాలయం లోపలికి పెరుగుతున్నాయి. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ వైపు మళ్లుతున్నారు. కొన్ని చోట్ల ఒక్క బ్రాంచిలోనే సెక్షన్లకు ఇంగ్లీషు అక్షరాలు వరసగా అయిపోతున్నాయి. 2018లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ పదిహేనుమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్న లెక్కను ఇరవైమందికి ఒకరని సడలించింది. 2024-25 నుంచి బాగా నడుస్తున్నాయనుకున్న సంస్థలకు సీట్ల గరిష్ఠ పరిమితినీ ఎత్తేసింది. ఇలాంటి పరిమితి మాట కొత్తది కాదు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ కూర్చుంది. బోధన జరిపే విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్, సైన్సు విభాగాల్లో మూడు వేలు, అనుబంధ కాలేజీలో పదిహేను వందలు మించి విద్యార్థులు ఉండకూడదని అది చెప్పింది. ఈనాటి అవసరాలకు ఆ అంకెలు చాలవు, ఒప్పుకుంటాను. 2035 నాటికి కాలేజీ వయసు పిల్లల్లో సగం మంది ఉన్నత విద్యలో ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది, అది మంచి లక్ష్యమే. కానీ ఒక హద్దు ఉండాలన్న ఆ కమిషన్ ఆలోచనను మాత్రం వదులుకోకూడదు. ఆ హద్దును అధ్యాపకుల సంఖ్యకు ముడిపెట్టాలి. మరో అరవై సీట్లు కావాలన్న సంస్థ, వాటికి కావాల్సిన అధ్యాపకులు కనీసం రెండేళ్లుగా తన దగ్గర పూర్తి జీతంతో పనిచేస్తున్నారని చూపించాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తిరగబడిన వరస. సీట్లు ముందు, ఫీజు ముందు, అధ్యాపకుల ప్రకటన ఆ తర్వాత.

ముందే లెక్కవేసుకున్న ఉదాహరణ ఒకటి ఉంది. 2006లో వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ కోసం కేంద్ర విద్యాసంస్థల్లో సీట్లు 54 శాతం పెంచాలనుకున్నప్పుడు వీరప్ప మొయిలీ కమిటీ కూర్చుని ఎన్నేళ్లలో, ఎంత డబ్బుతో, ఎంతమంది అధ్యాపకులతో అన్నది లెక్కవేసింది. అక్కడా ఖాళీలు మిగిలాయి, హాస్టళ్లు ఇరుకయ్యాయి. కానీ ఆ లెక్క కాగితం మీద ఉంది కాబట్టి ఇదెందుకు జరగలేదని అడగడానికి ఆధారం ఉంది. మన రాష్ట్రాల్లో ఆ కాగితమే లేదు.

తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్నది ఇదీ. కౌన్సెలింగుకు ముందు ఒక పనిదినాన, చెప్పకుండా కాలేజీకి వెళ్లండి. ప్లేస్‌మెంటు ఫ్లెక్సీలు చూస్తూ రిసెప్షన్‌లో కూర్చోకండి. విభాగంలోకి వెళ్లి, ఇక్కడ అయిదేళ్లకు పైగా ఉన్న మాస్టార్లు ఎంతమంది అని అడగండి. ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఒక బల్ల చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మిడ్ పరీక్షల జవాబు పత్రాలు దిద్ది పిల్లలకు తిరిగిస్తారా అని అడగండి. క్యాంటీన్‌లో రెండో సంవత్సరం పిల్లలు దొరుకుతారు. డౌట్ వస్తే ఎవరి దగ్గరకు వెళతావమ్మా అని వాళ్లను అడగండి. తడుముకోకుండా ఒక మేడం పేరో, సారు పేరో చెబితే ఆ కాలేజీ ఎంత పెద్దదైనా ఫరవాలేదు. యూట్యూబ్ చూస్తాం అంకుల్ అంటే మాత్రం ఇంటికొచ్చి వెబ్ ఆప్షన్ల వరసను మళ్లీ ఒకసారి చూసుకోండి.